ఫ్రీ చదువు అంటరు, మిత్తి మాత్రం మనం కడుతున్నం



మొన్న జిన్నింగ్ మిల్లు కాడ పత్తి ట్రాక్టర్ల లైన్ల ఉన్నప్పుడు ఒకాయన అన్నడు: "కాలేజీ చదువులు ఫ్రీగ ఇచ్చి పోరగాండ్లను ఖరాబు చేసిండ్రు. పైసలు కట్టి చదివితేనే విలువ తెలుస్తది." ఇద్దరు ముగ్గురు తలకాయ ఊపిండ్రు. ఆడ లొల్లి ఎందుకని ఊకున్న. జవాబు ఇప్పుడు రాస్తున్న.

మన తరంల డిగ్రీ దాకా పోయినోళ్లు ఊరికి ఎందరు? ఆడపిల్లలైతే ఒక్కరన్న ఉన్నరా? నేను ఇంటర్‌తోనే ఆగిన. తెలివి లేక కాదు, కట్టడానికి పైసలు లేక. ఫీజు రీయింబర్స్‌మెంట్ బీసీ, ఈబీసీలకు కూడా వచ్చినంకనే మన వాడల పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీ గేటు దాటిండ్రు. ఇది మరిచిపోవద్దు.

ఫ్రీగ వస్తే విలువ ఉండదా? మనకు కరెంటు ఫ్రీనే. ఆటో స్టార్టర్లు పెట్టి రాత్రంతా నీళ్లు పారబెట్టినోళ్లు ఉన్నరు, కాదన. దానికి స్టార్టర్ తీయమన్నరు గాని కరెంటు తీయమనలే. చదువు కూడా అంతే. కాలేజీకి పోని పిల్లగాన్ని హాజరు చూసి ఆపుండ్రి. చదివే పిల్ల నోటికాడి బుక్క ఎందుకు గుంజుతరు?

అయితే ఈ స్కీముల తప్పు లేదా? ఉన్నది. తప్పు ఫ్రీగ ఇచ్చుడుల లేదు. ఇస్తమని చెప్పి ఇయ్యకపోవుడుల ఉన్నది.

మా బిడ్డ బీటెక్ అయిపోయింది. ఈపాస్‌ల అప్లికేషన్ పెట్టినం, ఆదాయం సర్టిఫికెట్ ఇచ్చినం, వేలిముద్ర వేసినం. మంజూరు అని వచ్చింది, టోకెన్ పడ్డది, పైసలు పడలే. నౌకరి కోసం సర్టిఫికెట్లు అడిగితే కాలేజోళ్లు "రెండేండ్ల బకాయి 70,000 కట్టి తీస్కపోండ్రి, సర్కారు ఇచ్చినప్పుడు మీకు వాపస్ ఇస్తం" అన్నరు. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి కట్టిన. నెలకు 1,400 మిత్తి. మరి ఇది ఫ్రీ చదువు ఎట్లయితది? సర్కారు బాకీకి రైతు మిత్తి కట్టుడు ఇది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టుకోవద్దని యూజీసీ 2018లనే చెప్పింది. వినేటోడు ఎవడు?

కాలేజోళ్లది మొత్తం తప్పని కూడా అనను. 2025 నవంబర్ల బకాయిలు ఇయ్యాలని వాళ్లే బంద్ పెట్టిండ్రు. ఆడ పాఠం చెప్పే సారుకు జీతం ఆగుతది, ఈడ మన పిల్ల కాయితాలు ఆగుతయ్.

ఇంకో లెక్క చూడుండ్రి. 10,000 లోపు ర్యాంకు రాని బీసీ పిల్లలకు చాలామందికి 35,000 మాత్రమే ఇస్తరు. 2012 నుంచి ఇదే లెక్క. కాలేజీ ఫీజు 85,000 ఉంటే మిగిలిన 50,000 మనదే. 2025-26ల ఉన్న క్వింటాలు మద్దతు ధర 8,110 పూర్తిగ దొరికినా ఆరు క్వింటాళ్ల పైన పత్తి. చెల్కల ఎకరం పంట అండ్లనే పాయె. పెట్టుబడి, కూలి, కౌలు లెక్క వేయలే.

ఈ పైసల మీద ఆశతోనే ఉమ్మడి రాష్ట్రంల కాలేజీలు పుట్టగొడుగుల లెక్క లేచినయ్. ల్యాబులు లేవు, సార్లు లేరు, చానా మూతబడ్డయ్. అదే పైసలు సర్కారు డిగ్రీ కాలేజీలకు, పాలిటెక్నిక్‌లకు పెట్టి లెక్చరర్ పోస్టులు నింపితే బిల్డింగు మనకే ఉండు, సారు మనకే ఉండు, బకాయి మాటే రాకపోవు.

అందుకే ఫ్రీ తీసెయ్యమని అనేటోళ్లకు తల ఊపకుండ్రి. అడగాల్సినవి మూడు. ఏ ఏడు ఫీజు ఆ ఏడే కట్టాలె. బాకీ సర్కారుది అయితే పిల్లల సర్టిఫికెట్లు ఆపొద్దు. సర్కారు కాలేజీలను బాగు చెయ్యాలె.

ఓట్ల కోసం మన ఊరికి వచ్చినోళ్లను కొత్త స్కీము ఏమిస్తరని అడగకుండ్రి. పాత బాకీ ఎప్పుడు కడుతరో తారీఖు చెప్పుమనుండ్రి. మన దగ్గర బ్యాంకు ఒక్క కిస్తీ వదిలిపెడుతదా? మరి మనమెందుకు వదలాలె?

మీ పిల్లల సర్టిఫికెట్లు ఆగి ఉంటే కింద రాయుండ్రి. ఎందరమో లెక్క తేలితే అందరం కలిసి కలెక్టరాఫీసు ప్రజావాణికి పోదాం.