మాగ్లెవ్ రైళ్లకు వేగమొక్కటే గీటురాయి కాదు



అయస్కాంత శక్తితో గాలిలో తేలుతూ పరుగెత్తే మాగ్లెవ్ రైలే రేపటి ప్రయాణ సాధనమన్న వాదం తరచు వినిపిస్తున్నది. అది సాధ్యమేనని జపాన్ ఏనాడో నిరూపించినందున, ఇక తేలవలసింది అది ఎక్కడ అవసరమన్న సంగతే.

2015 ఏప్రిల్ 21న యమనాషి ప్రయోగ మార్గంపై జపాన్ రైలు గంటకు 603 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నది. అందులోని అతివాహక అయస్కాంతాలు, అంటే ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచినందున విద్యుత్ నిరోధాన్ని పూర్తిగా కోల్పోయిన తీగచుట్టలు, మార్గానికి ఇరువైపులా ఉన్న గోడల్లోని చుట్టల్లో విద్యుత్తును ప్రేరేపించి బండిని సుమారు 10 సెంటీమీటర్లు పైకి లేపుతాయి. అయితే పట్టాల రాపిడి తొలగినా గాలి నిరోధం తొలగదు. అది వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక, వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలవుతుంది.

అంతకు మించిన పరిమితి అనుసంధానానిది. 2004లో వాణిజ్య సేవలు మొదలుపెట్టిన షాంఘై మాగ్లెవ్ గంటకు 431 కిలోమీటర్ల వేగంతో నడిచిన రోజుల్లో 30 కిలోమీటర్ల దూరాన్ని ఎనిమిది నిమిషాల్లోపే దాటినా, పుడాంగ్ విమానాశ్రయం నుంచి వచ్చే ఆ మార్గం నగర కేంద్రాన్ని చేరకుండా లాంగ్‌యాంగ్ రోడ్డు వద్దే ముగియడంతో, ప్రయాణికులు అక్కడ మెట్రో ఎక్కవలసి వస్తున్నది. ఆ అనుభవం చేతిలో ఉన్న చైనాయే 2011లో ప్రారంభమైన 1,318 కిలోమీటర్ల బీజింగ్–షాంఘై మార్గానికి చక్రాల రైలును ఎంచుకున్నది. అటువంటి రైలు ఇతర పట్టాలపైకి మళ్లి మరిన్ని నగరాలకు వెళ్లగలదు, మాగ్లెవ్‌కు ఆ వెసులుబాటు లేదు.

1964 నుంచి నడుస్తున్న తొకాయిదో షింకన్‌సేన్ మార్గం కిక్కిరిసిపోవడం, పెద్ద భూకంపం వస్తే ప్రత్యామ్నాయ మార్గం ఉండవలసి రావడం వంటి బలమైన కారణాలు మాగ్లెవ్ నిర్మాణానికి జపాన్‌కు ఉన్నాయి. అయినప్పటికీ అత్యధిక భాగం సొరంగాల్లో సాగే టోక్యో–నగోయా మాగ్లెవ్ మార్గం అంచనా వ్యయం 5.5 లక్షల కోట్ల యెన్ల నుంచి 2021 నాటికే 7 లక్షల కోట్లకు చేరింది. ఓయి నది నీరు తగ్గుతుందన్న షిజుఓకా ప్రాంతపు అభ్యంతరం వల్ల 2027 గడువు కూడా చేజారింది.

భారతదేశంలో ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు మార్గం సైతం 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌ది కావడంతో, 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్ పట్టాలతో కలవదు. ఈ ఎడబాటును మాగ్లెవ్ మరింత పెంచుతుంది. కనుక పరిశోధన కొనసాగవచ్చు గానీ, నిర్మాణ నిధులు ముందుగా బ్రాడ్‌గేజ్ మార్గాల వేగాన్నీ సామర్థ్యాన్నీ పెంచడానికే వెచ్చించాలి; మాగ్లెవ్ ప్రతిపాదన ఏది వచ్చినా, గరిష్ఠ వేగంతో పాటు, బండి మారకుండా గమ్యం చేరే ప్రయాణికులు ఎందరన్న లెక్కను కూడా ప్రజల ముందుంచాలి.

– ఒక పాఠకుడు