మానై కూడా వంగుతుంది

"మొక్కై వంగనిది మానై వంగునా?" అన్నారు పెద్దలు. పిల్లల పెంపకం సంగతి ఎలా ఉన్నా, ఒంటి విషయంలో ఆ మాట సగమే నిజం. ఎందుకంటారా? వినండి.

మా పక్కవాటాలోవారి తొమ్మిదేళ్ల కుర్రవాడు ఆమధ్య గోడ దూకబోయి మోచేయి విరగ్గొట్టుకున్నాడు. డాక్టరుగారు పిండికట్టు వేసి, నాలుగు వారాలయ్యాక విప్పారు. తీరా చూస్తే చేయి సగమే చాపగలుగుతున్నాడు. ఇంటిల్లిపాదికీ బెంగ పట్టుకుంది. వాళ్ల నాయనమ్మగారు నువ్వులనూనె కాచి తెచ్చి, "ఇద్దరు వీణ్ణి పట్టుకోండర్రా. నాలుగురోజులు బాగా తోమి లాగితే అదే సాగుతుంది" అన్నారు.

నా గుండె ఝల్లుమంది. "పిన్నిగారూ, మీకు పుణ్యముంటుంది, ఆ చేయి లాగకండి!" అన్నాను.

"అదేమిటమ్మా, లాగకపోతే బిగుసుకుపోదూ?" అన్నారావిడ.

అప్పుడు మా అన్నయ్య సంగతి చెప్పాను. చిన్నతనంలో వాడికీ దెబ్బ మోచేతికే తగిలింది. ఎముకలు కట్టడంలో చేయి తిరిగినవాడని పేరున్న ఒకాయన రోజూ వచ్చి, వాడు కేకలు పెడుతున్నా వినకుండా తైలం రాసి లాగేవాడు. కొన్ని వారాలకు కండలో గట్టిగా ఏదో తగిలింది. అది ఎముక! ఈనాటికీ అన్నయ్య కుడిచేయి నోటిదాకా రాదు. విందుభోజనాలలో ఎడమచేత్తో తినవలసివస్తుందని పంక్తిలో కూర్చోనే కూర్చోడు.

కండలో ఎముక పుట్టడమేమిటంటారా? దెబ్బ తగిలినచోట లోపల నెత్తురు చిమ్మి, కండ చిరిగి ఉంటుంది. మానుతున్న కండను మళ్లీ మళ్లీ బలవంతంగా చింపితే, అక్కడ కండకు బదులు ఎముక పేరుకోవచ్చు. మోచేతికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే విరిగిన మోచేతిని తోమవద్దు, లాగవద్దు అని డాక్టర్లు అంతగా చెబుతారు.

అలాగని కదపకుండా ఉంచవచ్చునా? అదీ తప్పే. మన శరీరం మహా పొదుపరి ఇల్లాలు. వాడని వస్తువును ఇంట్లో ఉండనివ్వదు. కట్టులో ముడుచుకుని ఉన్న కండ, ఇంత పొడుగు తనకెందుకని గొలుసులో లంకెలు తీసేసినట్టు పొట్టిదవుతుంది. కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుంటుంది. ఎముకదీ అదే దారి. మోసే బరువును బట్టి ఎముక తన అమరిక మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లోనే పుస్తకం రాశాడు. టెన్నిస్ ఆటగాళ్లకు బ్యాటు పట్టిన చేతి ఎముక రెండోదానికన్నా మందంగా ఉంటుంది. బరువన్నదే తెలియని అంతరిక్షంలో నెలల తరబడి ఉన్నవారికి తుంటి ఎముక నెలకు సుమారు నూటికి ఒక పాలు తరుగుతుంది.

అంటే, అసలు అడగకపోతే శరీరం క్షీణిస్తుంది. మితంగా అడిగితే పెరుగుతుంది. దౌర్జన్యం చేస్తే చిరుగుతుంది. పైగా దానికి వ్యవధి కావాలి. కండ వారాలలో మారుతుంది. కండను ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి టెండన్‌కు నెత్తురు సరఫరా తక్కువ కాబట్టి, దానికి నెలలు పడుతుంది.

ఇంకొక తమాషా ఉంది. కండను కుదిపి లాగితే, లోపల కాపలా ఉన్న నరాలు బెదిరి దాన్ని ఇంకా బిగిస్తాయి. మెల్లగా సాగదీస్తే ఊరుకుంటాయి. కొత్తగా ఒళ్లు సాగదీయడం మొదలుపెట్టినవారు కొద్ది వారాలకే మునుపటికన్నా కిందికి వంగగలుగుతారు. అది చాలావరకు కండ పొడుగు కావడం వల్ల కాదు, నరాలు ఆ లాగుడుకు అలవాటుపడడం వల్ల!

కాబట్టి నలభై దాటాక నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతున్నామని నిరాశపడకండి. ముందు అయిదు నిమిషాలు నడిచి ఒళ్లు వేడెక్కించండి. తరువాత బిగుతు తెలిసేదాకా, నొప్పి పుట్టకుండా సాగదీసి, ఊపకుండా, ఊపిరి బిగబట్టకుండా అరనిమిషం ఆగండి. పెద్దవారు ఒక నిమిషం ఆగినా మంచిదే. ఇలా మూడు నాలుగుసార్లు, వారానికి కనీసం రెండు మూడు రోజులు చేయండి. పోటు వచ్చినా, వాచినా, తిమ్మిరెక్కినా ఆపి డాక్టరుకు చూపించండి.

ఇక మా కుర్రవాడి సంగతి. నాయనమ్మగారు నూనెగిన్నె పక్కన పెట్టేశారు. పిల్లలకు చేయి తనంతట తానే ఆడించుకుంటుంటే మెల్లగా స్వాధీనమవుతుందని డాక్టరుగారు కూడా చెప్పారట. ఆవిడ ఊరుకుంటారా! జంతికల డబ్బా బల్లమీద పెట్టి, "ఆ చేత్తోనే అందుకో నాయనా" అంటూ రోజుకింత దూరం జరుపుతూ వచ్చారు. మూడు నెలలకు చేయి దాదాపు సాఫుగా చాపుతున్నాడు.

జంతికలు మాత్రం రెండుసార్లు వండవలసివచ్చిందట!