కుక్క తప్పా? మన తప్పా?

మొన్న మన వంటశాల వెనకాల ఈనిన కుక్క ఐదో తరగతి తమ్ముణ్ణి కరిచింది. దాన్ని తరిమెయ్యాలని అందరూ అంటున్నారు. కానీ దానికి రోజూ రాళ్లేసింది మనమే. దాని కూనల్ని ఎత్తుకోబోయింది వీడే. మన ఊళ్లల్లో పోడు కాడ కాపలా కాసేది కుక్కే కదా!

తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు, కూనలతో ఉన్నప్పుడు దాని జోలికి పోవద్దు. మీదికొస్తే ఉరకొద్దు. చెట్టులాగా కదలకుండా నిలబడాలి.

అసలు భయం వేరే. తిడతారని వాడు రెండు రోజులు చెప్పలేదు, పసుపు అద్దుకున్నాడు. ఇప్పుడు సూదులు వేయిస్తున్నారు. పిచ్చికుక్క జబ్బు బయటపడితే బతకరు. కరిచిన వెంటనే సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ సూదులు ఇప్పుడు లేవు, చేతికే వేస్తారు. కాబట్టి దాచొద్దు తమ్ముళ్లూ! చెప్పినవాణ్ణి సార్లు కూడా తిట్టకూడదని నా అభిప్రాయం.

— 9వ తరగతి విద్యార్థి