విచారణా? విచారమా?

సంస్కృతంలో విచారమంటే ఆలోచన, పరిశీలన. ఆ మాటే తెలుగులోకి వచ్చి దుఃఖానికి పర్యాయమైంది. తరగతిలో అర్థవిపరిణామం బోధించేటప్పుడు ఈ పదాన్ని తరచు ఉదాహరించేవాణ్ణి. ఉద్యోగానికి ఎంపికైన యువకుల పూర్వచరిత్రపై పోలీసు శాఖ జరిపే విచారణ చూస్తుంటే, ఆ పరిణామం భాషలోనే కాదు, బ్రతుకులోనూ జరుగుతున్నదని అనిపిస్తోంది.

ముందుగా ఒక మాట. ఈ విచారణ అక్కరలేదని నేననను. ముప్పై ఏళ్ళకు పైగా పసిపిల్లల మధ్య గడిపినవాణ్ణి. బడిలో అడుగుపెట్టే ప్రతి ఉద్యోగి నడవడినీ పరిశీలించాలని కోరేవారిలో నేనూ ఒకణ్ణి. లైంగిక నేరాల నుండి బాలలను రక్షించే పోక్సో చట్టం 2012లో వచ్చింది. దాని క్రింద 2020లో చేసిన నియమాలు బడులలోను, పిల్లలతో నిత్యం మెలగే ఇతర సంస్థలలోను పనిచేసే సిబ్బంది అందరికీ పోలీసు తనిఖీ ఉండాలని, అది నిర్ణీత వ్యవధులలో జరుగుతూ ఉండాలని చెప్పాయి. అది సబబే. నా ఆక్షేపణ తనిఖీ మీద కాదు, దానికి పట్టే కాలం మీద.

ప్రభుత్వోద్యోగానికి ఎంపికైన అభ్యర్థి అటెస్టేషన్ ఫారం నింపుతాడు. ఎక్కడ చదివాడు, ఎక్కడెక్కడ నివసించాడు, ఎన్నడైనా అరెస్టయ్యాడా, కేసు నడిచిందా అన్నవన్నీ అందులో వ్రాయాలి. ఆ కాగితం నియామకాధికారి నుండి జిల్లా పోలీసు కార్యాలయానికి, అక్కడి నుండి ఠాణాకు దిగివస్తుంది. ఒక కానిస్టేబులు ఇంటికి వచ్చి, ఇరుగుపొరుగును అడిగి, ఠాణా రికార్డు చూచి నివేదిక వ్రాస్తాడు. అది వచ్చిన దారినే మెట్టు మెట్టు ఎక్కాలి. అసలు పని ఒక పూటది. తక్కిన కాలమంతా కాగితం ఒక బల్ల మీది నుండి మరొక బల్ల మీదికి చేరడానికే. అభ్యర్థి రెండు మూడు జిల్లాలలో నివసించి ఉంటే ఆ ప్రయాణం రెండింతలు, మూడింతలు. సొంత ఇల్లున్నవాడి కంటె అద్దె ఇళ్ళు మారినవాడికీ, పొట్ట చేతపట్టుకొని వలస పోయినవాడికీ ఈ జాప్యం ఎక్కువ. బీదవానికే గోరుచుట్టుపై రోకటిపోటు.

నా పూర్వవిద్యార్థి ఒకడు పోటీపరీక్షలో నెగ్గి ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగానికి ఎంపికయ్యాడు. నేడో రేపో చేరాలి కదా అని, చేస్తున్న ప్రైవేటు కొలువు మానుకున్నాడు. తండ్రి దర్జీ. ఏడు నెలలు గడిచాయి. కార్యాలయంలో అడిగితే రిపోర్టు రాలేదంటారు. ఠాణాలో అడిగితే పంపేశామంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత అతని పట్ల అక్షరాలా నిజమైంది. ఒకనాడు వచ్చి, "మాష్టారూ, జీతం లేకపోయినా ఓర్చుకుంటానండి. అందరికీ వచ్చి నీకెందుకు రాలేదు, ఏదైనా కేసుందా అని ఊళ్ళో అడుగుతున్నారు. కుదిరిన సంబంధం కూడా వెనక్కి పోయింది" అన్నాడు. మచ్చ ఉన్నదేమో చూడడానికి పెట్టిన విచారణ, మచ్చలేనివాని మీద తానే మచ్చ వేస్తున్నదన్నమాట. దీనికి నష్టపరిహారం ఏ పద్దులో ఉన్నది?

న్యాయస్థానాలు ఈ విషయాన్ని ఎప్పుడో పట్టించుకున్నాయి. మధ్యప్రదేశ్‌లో ఒక మునిసిపల్ పాఠశాలను ప్రభుత్వం స్వీకరించినప్పుడు, అందులోని ఒక ఉపాధ్యాయుణ్ణి పూర్వచరిత్ర పరిశీలనకు లోబడి ఉద్యోగంలోకి తీసుకొన్నారు. తరువాత, అతనికి ఫలానా రాజకీయ సంబంధాలున్నవన్న పోలీసు నివేదిక ఆధారంగా తొలగించారు. 1983లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును సమర్థించలేదు. ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారు. పౌరుని జీవనోపాధి పోలీసు నివేదిక దయాదాక్షిణ్యాల మీద నిలువరాదన్నది ఆ తీర్పులోని సారం. 2016లో అవతార్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం, కేసు సంగతి దాచినంత మాత్రాన యాంత్రికంగా తొలగించరాదని, చిన్నవయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాలను ఉపేక్షించవచ్చునని చెప్పింది.

జాప్యం ఎంత దూరం పోగలదో తెలియాలంటే 2024 డిసెంబరులో వచ్చిన తీర్పు చూడాలి. పశ్చిమ బెంగాల్‌లో ఒక నేత్రవైద్య సహాయకుడు 1985లో ఉద్యోగంలో చేరాడు. అతనిపై పోలీసు నివేదిక వచ్చినది 2010లో, పదవీవిరమణకు రెండు నెలల ముందు! అతడు భారత పౌరుడే కాదని చెప్పి తొలగించారు. పాతికేళ్ళు పని చేయించుకొన్న తరువాత! సుప్రీంకోర్టు ఆ తొలగింపును కొట్టివేసి, నియామకం జరిగిన ఆరు నెలలలోపు ఈ పరిశీలన పూర్తిచేయాలని అన్ని రాష్ట్రాల పోలీసు అధికారులను ఆదేశించింది.

ఆరు నెలల గడువు మేలే. అయితే చేరినవానికి అది గడువు, చేరనివానికి అది ఆకలి. అందుచేత 2016లో కేంద్ర సిబ్బంది శాఖ సూచించిన మార్గం నాకు న్యాయంగా తోస్తుంది. అభ్యర్థి చేత స్వీయప్రకటన వ్రాయించుకొని తాత్కాలిక నియామకపత్రం ఇవ్వడం, విచారణలో అబద్ధమని తేలితే తొలగించడం. చేర్చుకొన్నాక తీసివేయడం కష్టమనేవారున్నారు. షరతు పత్రంలోనే ఉన్నప్పుడు కష్టమేమున్నది? మన రాష్ట్రాలలోనూ ప్రతి శాఖలో ఇదే పద్ధతి నడవాలి.

బడులకు మాత్రం నేను ఈ మినహాయింపు కోరను. పిల్లల దగ్గరికి పంపేముందే విచారణ ముగియాలి. అక్కడ మార్గం ఒక్కటే: నెల రోజుల గడువు పెట్టి, ఆ లోపల నివేదిక పంపని అధికారి నుండి వ్రాతపూర్వకంగా సంజాయిషీ అడగడం. కాగితం ఏ బల్ల మీద ఉన్నదో అభ్యర్థికి తెలిసే ఏర్పాటు ఉండాలి. ప్రతికూలంగా ఏమైనా వ్రాస్తే దాని ప్రతి అతనికిచ్చి సమాధానం వినాలి. పాస్‌పోర్టు విచారణను త్వరపరచడానికి తెలంగాణ పోలీసులు వెరిఫాస్ట్ అన్న యాప్ తెచ్చుకొన్నారు. విదేశం వెళ్ళేవాని కోసం చేయగలిగినది, ఉన్న ఊళ్ళో కొలువు చేయబోయేవాని కోసం చేయలేమా?

మీలో నియామకాల వ్యవహారం తెలిసినవారు, స్వయంగా ఈ నిరీక్షణ అనుభవించినవారు ఉండే ఉంటారు. ముఖ్యంగా బడుల విషయంలో నెల గడువు ఆచరణసాధ్యమో కాదో తెలిసినవారు వ్రాయగలరు.