తెల్లబారిన నీళ్లను పారబోయకండి

చెన్నైలో కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్లు వారం తిరక్కుండానే చేపల దుకాణానికి ఫోన్ చేస్తారు. నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా అయిపోయాయని, వెనకాల రాయి కూడా కనబడటం లేదని. చేపల దుకాణాలుండే కొళత్తూరు వీధుల్లో అడిగినా, ఇంకెక్కడ అడిగినా చెప్పేది ఒకటే: సగం నీళ్లు తోడెయ్యండి, రాళ్లూ ఫిల్టరూ కడిగెయ్యండి, ఈ మందు రెండు మూతలు పొయ్యండి. మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఈ సలహా తప్పు, ట్యాంకుకు చేటు.

ఆ తెలుపు సాధారణంగా మురికి కాదు, బ్యాక్టీరియా. ఎండు రాళ్ల రంధ్రాల్లో మిగిలిన జీవపదార్థం, మనం వేసిన మేత కుళ్లుతుంటే దాన్ని తినడానికి పుట్టుకొచ్చినవి. తిండి దొరికితే గంటలోపే రెట్టింపవుతాయి. మనకు కావలసినవి వేరే: అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేవి. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపింది ఇలాంటి వాటినే. ఇవి రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నీళ్లలో తేలవు, రాయినీ ఇసుకనూ ఫిల్టర్‌నూ అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకే ఇవి ట్యాంకులో నిలదొక్కుకోవడానికి, అంటే సైక్లింగ్‌కు, మామూలుగా 4 నుంచి 6 వారాలు.

ఇప్పుడు లెక్క చూడండి. 200 లీటర్ల ట్యాంకులో 100 లీటర్లు తోడేస్తే నీళ్లలో తేలే బ్యాక్టీరియాలో సగం పోతుంది. మిగిలిన సగం ఒక్కసారి రెట్టింపైతే చాలు, మళ్లీ మొదటికే. సాయంత్రం తేటగా కనబడిన నీళ్లు తెల్లారేసరికి మసకబారేది అందుకే. ఆ 100 లీటర్లకు లీటరుకు 35 గ్రాముల చొప్పున మూడున్నర కిలోల ఉప్పు కావాలి, ఆపైన ఆర్వో నీళ్లు. 2019 జూన్‌లో చెరువులు ఎండి ట్యాంకర్ల ముందు బిందెలతో నిలబడిన ఊరిలో ఈ దుబారా నాకు మింగుడుపడదు.

అంతకంటే ఘోరం కడగడం. కుళాయి నీళ్లలోని క్లోరిన్ తగిలితే రాళ్ల మీద అప్పుడే పట్టుకుంటున్న మంచి బ్యాక్టీరియా చస్తుంది. మిథిలీన్ బ్లూ, యాంటీబయాటిక్‌లూ దాన్ని దెబ్బతీసేవే. నీళ్లు తేటపడతాయి, సైకిల్ మాత్రం మొదటి రోజుకు వెళ్లిపోతుంది.

మన ఆంధ్రా తీరంలో బయోఫ్లాక్ పద్ధతిలో రొయ్యలు పెంచేవాళ్లను చూడండి. బెల్లమో మొలాసిసో కలిపి మరీ నీళ్లను తెల్లబరిచే ఈ రకం బ్యాక్టీరియాను పెంచుతారు. కార్బన్ దొరికితే అది అమ్మోనియాను తనలో ఇముడ్చుకుంటుంది కనుక. ఆ నీళ్లు మసకగా ఉన్నాయని ఎవరూ పారబోయరు. ఏరేటర్లు మాత్రం క్షణం ఆపరు.

అసలు ప్రమాదం ఆక్సిజన్ తగ్గడంలో ఉంది, తెలుపులో కాదు. ఈ బ్యాక్టీరియా దాన్ని పీల్చేస్తుంది. చెన్నై వేడికి 30 డిగ్రీలు చేరిన ఉప్పునీళ్లు లీటరుకు 6 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్‌నే పట్టుకోగలవు. కాబట్టి పైనీళ్లు కదులుతూ ఉండాలి, నురుగుతో మలినాలను తీసే స్కిమ్మర్ నడవాలి, బ్యాటరీ ఎయిర్ పంప్ ఇంట్లో ఉండాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు ఎన్నో పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మసకబారిన ట్యాంకులో చేపలుంటే బతకడం కష్టం. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మాత్రం నీళ్లు మార్చాల్సిందే, వాటిని వేరే తొట్టెలోకి తియ్యాల్సిందే. చచ్చిన జీవి ఏదైనా లోపలుంటే వెంటనే తీసెయ్యాలి.

తెల్లగా ఉన్నదంతా బ్యాక్టీరియా కూడా కాదు. చీకట్లో గాజుకు పక్కనుంచి టార్చి వెయ్యండి. రేణువులు విడివిడిగా మెరిస్తే అది ఇసుక దుమ్ము, దానంతటదే దిగుతుంది. రేణువంటూ కనబడక కాంతి అంతా పాలలా పరుచుకుంటే బ్యాక్టీరియా.

అయినా సైకిల్ పూర్తికాని నీళ్లలో చేప ఎందుకుండాలి? డామ్సెల్ గట్టి చేప, ముందు దాన్ని వేసి సైకిల్ నడపండంటారు. గట్టిదంటే చావకుండా బాధపడగలదనే. పీహెచ్ 8 దాటిన ఉప్పునీటిలో అమ్మోనియాలో విషపూరితమైన భాగం మంచినీటి తొట్టెలోకంటే చాలా ఎక్కువ. దాంతో చేప మొప్పలు కాలతాయి. పైగా అక్వేరియాల్లోకి వచ్చే సముద్రపు చేపల్లో చాలా రకాలు సముద్రం నుంచి పట్టి తెచ్చినవే. సైకిల్ మొదలవ్వడానికి చిన్న రొయ్య ముక్క చాలు. ట్యాంకు అమ్మిన రోజే చేపనూ అమ్మే పద్ధతిని దుకాణాలు మానాలి. చేప కోసం వచ్చినవాళ్లను ముందు టెస్ట్ కిట్ రీడింగు అడగాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపను సంచిలో కట్టివ్వాలి.