గిటారు మగపిల్లలకేనా?

మా చర్చిలో పాడేవాళ్లం ఎక్కువమంది ఆడవాళ్లమే. గిటారు మాత్రం ఎప్పుడూ మగపిల్లల చేతుల్లోనే. చిన్నప్పుడు నేనడిగితే, "వేళ్లు బండబారితే నిన్నెవరు చేసుకుంటారే?" అంది అమ్మ. తమ్ముడికి కొన్నారు. వాడు రెండు నెలలు వాయించి అటకెక్కించాడు.

నలభై ఆరేళ్లకి పుట్టింటి అటక మీంచి దాన్నే దింపి, తీగలు మార్పించుకున్నాను. "ఇప్పుడెందుకే?" అన్నారు మావారు. క్రిస్మస్‌కి 'సైలెంట్ నైట్' వాయిద్దామని!

ఆ పాట మొదటిసారి వినిపించిందే గిటారుతో. 1818 డిసెంబర్ 24న, ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో, రాసిన జోసెఫ్ మోర్ గిటారు పట్టుకోగా, బాణీ కట్టిన గ్రూబర్ కలిసి పాడాడు. జి, సి, డి సెవెన్ కార్డ్స్ మూడూ వస్తే చాలు. కొత్తవాళ్లని ఏడిపించే ఎఫ్ జోలికి పోనక్కర్లేదు. జి పూర్తిగా పట్టలేకపోతే, అన్నిటికన్నా సన్నతీగని మూడో మెట్టు దగ్గర ఒక్క వేలితో నొక్కి, సన్నవి నాలుగు తీగలే మీటండి. ఒకటీ, రెండూ, మూడూ అని లెక్క. ఒకటి కాస్త గట్టిగా. కార్డ్ మారేచోట పాట ఆగిపోతుంది, ఆగనివ్వండి.

వేళ్లు మండాయి. అమ్మ అన్నట్టే బండబారాయి కూడా. ఇన్నేళ్లు అంట్లు తోమితే బారలేదా? అప్పుడెవరూ వద్దనలేదే!

ఈసారి క్యారల్స్‌కి గిటారు నేనే తెస్తానని కుర్రాళ్లకి చెప్పేశాను. నా వేగానికి వాళ్లే పాడాలి మరి.