కార్డున్నది గదా!

మొన్న రుద్రంగిలో ఒక దినాల పంక్తిలో కూర్చున్నాను. బ్లడ్ క్యాన్సర్‌తో పోయిన మనిషి దినాలు. పక్కన ఓ పెద్దమనిషి బగార అన్నం కలుపుకుంటూ, "ఆరోగ్యశ్రీ కార్డున్నది గద! గిన్ని అప్పులెట్లయినయ్?" అన్నాడు. నాకు ముద్ద దిగలేదు.

ఈ మాట కోరుట్ల హోటళ్లలోనూ వింటున్నా, సిరిసిల్ల సాంచాల దగ్గరా వింటున్నా. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలైంది. కాదనను. కానీ కార్డు చూసేది ఆస్పత్రి బిల్లును. ఇల్లు బిల్లు రాయదు.

పోయిన ఈ మనిషి గల్ఫ్ నుంచి జబ్బుతో దిగాడు. జీతం అక్కడే ఆగిపోయింది. చికిత్సకు ఆయన వెంట భార్య హైదరాబాద్‌లో ఉంటే ఇక్కడ బీడీల చాట మూలకు పడింది. బీడీ చుడితేనే కూలి. ఆమెకు బస్సు ఉచితమే. కానీ తెల్లకణాలు పడిపోయిన మనిషిని కిక్కిరిసిన బస్సులో తేవద్దని డాక్టర్లే అంటారు. జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగొద్దనీ అంటారు. అర్ధరాత్రి రుద్రంగి నుంచి కిరాయి కారువాడు ఎంతడుగుతాడో ఆ పెద్దమనిషికి తెలియదా? ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. అందుకని దాతలను మళ్లీ మళ్లీ వెతకాలి, వాళ్ల దారి ఖర్చులు పెట్టుకోవాలి. పిల్లలకు ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సర్ రకానికైతే చికిత్సే రెండు మూడేళ్లు.

"మందులు అగ్గువైనయ్" అనేవాళ్లూ ఉన్నారు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు గ్లివెక్ అనే క్యాన్సర్ మందు పేటెంట్‌ను నోవార్టిస్ కంపెనీకి నిరాకరించింది. నెలకు లక్ష దాటే ఆ మందును మన హైదరాబాద్ నాట్కో వంటి కంపెనీలు ఎన్నో రెట్లు తక్కువకు ఇవ్వగలిగాయి. గొప్ప తీర్పే. అయితే అది ప్రధానంగా ఒక రకం ల్యుకేమియాకు మందు. అన్నిటికీ అదే అనుకుంటే ఎట్లా? ఇక బీడీలు తాగి తెచ్చుకున్నాడనేవాళ్లతో నేను మాట్లాడను.

నాకు అసలు ఒళ్లు మండేది ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కుల ఫోటోలు చూసి. ముందు అప్పు చేసి ఖర్చు పెట్టాలి, బిల్లులన్నీ జమచేసి దరఖాస్తు పెట్టాలి, నాయకుల ఇళ్ల చుట్టూ తిరగాలి. ఎప్పుడో చెక్కు వస్తుంది, ఖర్చులో ఏ మూలకూ చాలదు. మాస్కు కట్టుకున్న రోగి పక్కన నవ్వుతూ నిలబడే మనిషికి సిగ్గనిపించదా? ఆ ఫోటో వాట్సాప్‌లో తిరిగితే చాలు, ఆ ఇంటికి ఇక కష్టం లేదని ఊరు తీర్మానిస్తుంది. ఇచ్చే పదీ పరకా కూడా ఆగిపోతుంది. అప్పుకు మాత్రం నూటికి రెండు రూపాయల మిత్తి నడుస్తూనే ఉంటుంది.

మరేం చేయాలంటారా? చికిత్స నడిచినన్నాళ్లూ ఆ ఇంటికి నెలనెలా ఇంతని ఇవ్వాలి. బీడీ కార్మికులకు 2,016 రూపాయల పింఛను లెక్క కట్టినవాళ్లకు ఇది కట్టరాదా? రక్తపరీక్షలైనా సిరిసిల్లలోనే చేసి, ఆ ఫలితాన్ని హైదరాబాద్ డాక్టరు చూసేలా చేయాలి. తక్కిన వివరాలు జీతాలు తీసుకునేవాళ్లు ఆలోచిస్తారు.

ఇదంతా ఆ పెద్దమనిషికి అక్కడే చెప్పాను. విన్నాడు. చేయి కడుక్కొని వచ్చి, "వాళ్ల ఇరవై గుంటలు ఎంతకిచ్చిన్రో ఎరుకేనా?" అని మెల్లగా అడిగాడు.